క్లారినెట్‌పై వేగంగా టంగింగ్: ఎంత వేగం కావాలి, ఎలా సాధించాలి

టంగింగ్ అంటే స్వరాలను నాలుకతో విడదీసి పలికించడం. క్లారినెట్ నేర్చుకునేవాళ్లకు ఏదో ఒక దశలో ఈ దిగులు పట్టుకుంటుంది. వేళ్లు పరిగెడుతుంటాయి, నాలుక మాత్రం వెనకబడుతుంది. స్లర్‌లో (నాలుక తగలకుండా స్వరాలు కలిపి) హాయిగా సాగిన స్కేలు స్టకాటోలో (పొట్టిగా, విడివిడిగా) వాయించమనేసరికి తడబడుతుంది. "నా నాలుకే మందం" అని తీర్మానించేసుకుని, రోజూ అరగంట ఒకే స్వరం మీద తతతత అంటూ నాలుకను అలసగొడతారు. నెల గడిచినా లయ చూపే మెట్రోనోమ్ అంకె (నిమిషానికి బీట్లు) కదలదు. చాలాసార్లు లోపం ఉండేది ఊపిరిలోనో, వేళ్లలోనో, రీడ్‌లోనో (నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌కు బిగించే, కంపించే పలుచని పట్టీ). అందుకే సాధన మొదలుపెట్టేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: మీకు నిజంగా ఎంత వేగం అవసరం, ఇప్పుడు అడ్డుపడుతున్నది ఏది.

ఎంత వేగం చాలు?

ఇక్కడ వేగమంటే బీట్‌కి నాలుగు స్వరాలు, చతురశ్ర నడకలో తకధిమి లెక్కన, ప్రతి స్వరాన్నీ నాలుకతో విడిగా పలికించడం. మెట్రోనోమ్ 60 మీద ఉంటే సెకనుకు 4 స్వరాలు, 90 మీద 6, 120 మీద 8. క్లారినెట్ పక్కన పెట్టి నోటితో "తతతత" అని ఆపకుండా అనండి. మామూలుగా పెద్దవాళ్లకు సెకనుకు 5 నుంచి 7 దాకా వస్తాయి. మాటలో త పలకాలంటే నాలుక గాలిని పూర్తిగా మూసి తెరవాలి. క్లారినెట్ మీద ఆ శ్రమ లేదు, రీడ్ అంచును తాకి వదిలితే చాలు. అందుకే మాటకంటే వాద్యం మీదే నాలుక వేగంగా ఆడగలదు.

పాశ్చాత్య సంగీతంలో ఈ విషయానికి గీటురాయిగా చెప్పేది మెండెల్సన్ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకానికి 1842లో రాసిన సంగీతంలోని స్కెర్జో. 3/8 తాళం, బార్‌కి (ఒక తాళ ఆవృత్తికి) ఒకే బీట్, అందులో ఆరు సెమీక్వేవర్లు (పొట్టి స్వరాలు). ఆర్కెస్ట్రాలు దీన్ని ఎక్కువగా 80 నుంచి 88 మధ్య వాయిస్తాయి. 84 తీసుకుంటే నిమిషానికి 504 స్వరాలు, మన నాలుగేసి లెక్కలో 126. అదీ మెత్తగా, చిన్న శబ్దంతో పలకాలి. ఇంకా కఠినమైనది బీథోవెన్ నాలుగో సింఫనీ చివరి భాగం. ఆయన 1817లో ప్రకటించిన మెట్రోనోమ్ గుర్తును అక్షరాలా పాటిస్తే మన లెక్కలో 160, అంటే సెకనుకు పదికి పైనే. చాలా ఆర్కెస్ట్రాలు అంతకంటే నెమ్మదిగానే వాయిస్తాయి.

ఇవి కొండ కొమ్ములు. మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కన్చెర్టో చూడండి. స్వయంగా రాసిన ప్రతి పోయింది కాబట్టి వేగమైన పరుగుల్లో ఏది స్లర్, ఏది టంగింగ్ అన్నది చాలావరకు వాయించేవాళ్ల అభిరుచికే వదిలేశారు. అక్కడ అన్నిటినీ నాలుకతో కొట్టుకుంటూ పోతే వేగం సరిపోయినా వినడానికి బాగుండదు.

మా అంచనా ఇది. 100 మీద నాలుగు బార్లు తొణకకుండా వాయించగలిగితే విద్యార్థి దశలో వచ్చే రచనల్లో చాలావాటికి సరిపోతుంది. 120 శుభ్రంగా వస్తే దాదాపు ఏదైనా వాయించవచ్చు. 132 దాటాల్సింది ఆర్కెస్ట్రా ఆడిషన్లకు వెళ్లేవాళ్లే. 138 మీద గజిబిజిగా వాయించేదానికంటే 112 మీద ముత్యాల్లా విడివిడిగా వచ్చేదే వినేవాళ్లకు వేగంగా అనిపిస్తుంది. చెవి స్వరాల మధ్య ఎడం సమంగా ఉందా లేదా అన్నదే ముందు పట్టేస్తుంది.

అడ్డం ఎక్కడుందో కనిపెట్టండి

తడబడుతున్న భాగంలో రెండు మూడు బార్లు తీసుకుని మూడు పరీక్షలు చేయండి.

మొదటిది: ఆ భాగాన్ని అదే వేగంలో మొత్తం స్లర్ చేసి వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి, తర్వాత సగం వేగంతో వినండి. స్లర్‌లోనే ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు నాలుకది కాదు. స్లర్‌లో వేళ్ల లోపాలు చాలావరకు దాక్కుంటాయి. నాలుక వచ్చి చేరగానే అవే బయటపడతాయి.

రెండోది: వేళ్లన్నీ తీసి, అన్ని రంధ్రాలూ తెరిస్తే వచ్చే జి స్వరం మీద, అదే వేగంలో, అదే లయలో టంగింగ్ ఒక్కటే చేయండి. ఇది రాకపోతే అప్పుడు మాత్రమే నాలుక మీద పనిచేయాలి.

మూడోది: స్లర్ బాగుంది, ఒకే స్వరం మీద టంగింగూ బాగుంది, కలిపితే మాత్రం చెడిపోతోంది. అంటే వేళ్లకీ నాలుకకీ పొత్తు కుదరలేదు. అన్నిటికంటే ఎక్కువమందికి ఉండే సమస్య ఇదే. దీనికి నాలుకను ఎంత వేగంగా ఆడించినా ఫలితం ఉండదు. దీని మందు వేరే, నాలుగో అడుగులో చెబుతాం.

మొదటి అడుగు: ఊపిరి ఆగకూడదు

తెరిచిన జి మీద ఎనిమిది బీట్లు, మెట్రోనోమ్ 60, మధ్యస్థమైన శబ్దంతో నిండుగా ఊదండి. తర్వాత ఆ ఊపిరిని ఏమాత్రం మార్చకుండా అదే ఎనిమిది బీట్లలో బీట్‌కి ఒకసారి నాలుకతో తాకండి. తర్వాత బీట్‌కి రెండు, ఆపైన నాలుగు. పొట్ట కండరాలు మొదట్లో ఎలా ఉన్నాయో చివరి స్వరం దాకా అలాగే ఉండాలి. స్వరానికో ఊపు ఇస్తుంటే పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే తెలిసిపోతుంది, అది ఎగిరెగిరి పడుతుంది.

నాలుక రీడ్‌ను కొట్టడం వల్ల శబ్దం పుట్టదు. నాలుక రీడ్ మీద ఉన్నంతసేపూ అది కంపించదు, నాలుక తీసిన క్షణాన వెనక సిద్ధంగా ఉన్న గాలి ఒత్తిడికి కంపించడం మొదలుపెడుతుంది. ఆ ఒత్తిడి ముందే లేకపోతే నాలుక ఎంత చురుగ్గా ఉన్నా స్వరం ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. వేగం పెరిగేకొద్దీ చాలామంది తెలియకుండానే ఊపిరి తగ్గిస్తారు. దానికి విరుగుడుగా పరుగు మొదట్లో చిన్న శబ్దంతో మొదలుపెట్టి చివరికి పెంచుకుంటూ వెళ్లండి. ఈ ఒక్క మార్పుతోనే కొందరికి మెట్రోనోమ్ మీద రెండు మూడు గీతలు ముందుకు జరుగుతాయి.

రెండో అడుగు: ఎక్కడ తాకాలి, ఎంత తాకాలి

నాలుక కొస, లేదా కొసకు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక ఉన్న పైభాగం, రీడ్ పలుచని అంచుకు కాస్త కిందుగా తాకాలి. రీడ్ మీద మధ్యదాకా పోకూడదు. వేడి పెనం మీద వేలు తాకించి తీసినంత తేలిగ్గా తాకాలి. తాకి వదిలాక నాలుక ఎంత దూరం వెనక్కి పోతోందన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. నెమ్మదిగా వాయించేటప్పుడు ఐదు మిల్లీమీటర్లు వెనక్కి లాగే అలవాటున్న నాలుక వేగంలోనూ అంతే లాగుతుంది. అందుకే నెమ్మదైన సాధనలోనే కదలికను కుదించాలి.

మనకు ఇక్కడ భాషే సాయం చేస్తుంది. ఇంగ్లీషు పద్ధతి పాఠాల్లో రాసే అక్షరాన్ని మనవాళ్లు 'ట' అని చదివి అలాగే చేస్తారు. ట అంటే నాలుక కొస వెనక్కి మడుచుకుంటుంది, రీడ్‌కు నాలుక అడుగుభాగం తగులుతుంది. ఆ మడత విప్పి మళ్లీ మడవడానికే సమయం పోతుంది. పళ్ల వెనక పలికే 'తీ' అనుకోండి. మెత్తటి ఆరంభం కావాలంటే 'దీ'. అచ్చు మాత్రం 'ఈ' ఉండాలి, 'ఆ' వద్దు. 'ఈ' అన్నప్పుడు నాలుక వెనకభాగం పై దవడ పళ్ల దగ్గర ఎత్తుగా ఉంటుంది, కొసకు ప్రయాణం తగ్గుతుంది, గాలి వేగంగా పోతుంది. ఎవరినైనా మాట్లాడొద్దని "శ్శ్" అంటాం చూడండి, నాలుక సరిగ్గా ఆ ఆకారంలో ఉండాలి.

కొందరి నాలుక సహజంగా పొడవు. వాళ్లు కొసను కింది పళ్ల వెనక ఆనించి నాలుక నడిభాగంతో రీడ్‌ను తాకుతుంటారు. అలా మంచి నాదంతో వాయించేవాళ్లు ఉన్నారు, దాన్ని రోగంగా చూడనక్కరలేదు. కానీ ఈ పద్ధతిలో పెద్ద కండ కదలాలి. 100 దగ్గర ఆగిపోయి నెలల తరబడి కదలకపోతే కొసతో తాకే పద్ధతికి మారి చూడటం మంచిది. మారిన కొత్తలో వేగం 70కి పడిపోతుంది. అది చూసి భయపడి వెనక్కి పోవద్దు.

మూడో అడుగు: నాలుకతో ఆపి, నాలుకతో వదలడం

జి స్వరం ఊదుతూ, ఊపిరి ఆపకుండా, నాలుకను మెల్లగా రీడ్ మీద ఆనించండి. శబ్దం ఆగిపోవాలి, నోట్లో గాలి ఒత్తిడి మాత్రం అలాగే ఉండాలి. రెండు బీట్లు అలా ఉంచి నాలుక తీయండి. 'టప్' అనే చప్పుడు లేకుండా స్వరం చటుక్కున, నిండుగా మొదలవ్వాలి. చప్పుడు వస్తే నాలుక గట్టిగా నొక్కుతోంది. గాలి బుసతో మొదలైతే ఒత్తిడి చాలలేదు, లేదా రీడ్ మందం ఎక్కువ. స్వరం వంగి మొదలైతే దవడ కదులుతోంది.

దవడ సంగతి తేల్చడానికి కచ్చితమైన పరీక్ష ఒకటి ఉంది. మౌత్‌పీస్‌కు బ్యారెల్ (దాని కింద ఉండే పొట్టి గొట్టం) ఒక్కటే తగిలించి ఊదండి. బి ఫ్లాట్ క్లారినెట్‌కి ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) మీద ఎఫ్ షార్ప్ దగ్గర రావాలి. అది నిలకడగా వచ్చాక బీట్‌కి రెండు చొప్పున టంగింగ్ చేస్తూ ట్యూనర్ ముల్లు చూడండి. ప్రతి దెబ్బకూ ముల్లు కిందికి జారుతుంటే దవడ గానీ నాలుక వెనకభాగం గానీ నాలుక కొసతోపాటు ఊగుతోందన్నమాట. గడ్డం కింద మెత్తటి చోట వేలు పెట్టుకోండి. లోపల చిన్న కదలిక తెలియడం సహజం, గడ్డం ఎముక ఆడటం మాత్రం కాదు. అద్దం ముందు వారం రోజులు సాధన చేస్తే చాలామందిలో ఈ ఊపు పోతుంది.

నాలుగో అడుగు: వేళ్లు ముందు, నాలుక వెనక

ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రధాన క్లారినెట్ వాద్యకారుడిగా ఉన్న డేనియల్ బొనాడ్ అమెరికాలో ఒక తరం క్లారినెట్ వాళ్లను తయారుచేశాడు. ఆయన బోధించిన స్టకాటో సాధన పైన చెప్పిన మూడో సమస్యకు నేరుగా తగిలే మందు.

మెట్రోనోమ్ 60. ఏదైనా స్కేలు, బీట్‌కి ఒక స్వరం. స్వరాన్ని పొట్టిగా వాయించి వెంటనే నాలుకను రీడ్ మీద ఆనించి ఆపండి, ఊపిరి ఒత్తిడి వదలొద్దు. ఆ నిశ్శబ్దంలో, నాలుక ఇంకా రీడ్ మీదే ఉండగా, వేళ్లను ఠక్కున తర్వాతి స్వరానికి మార్చేయండి. అలా సిద్ధంగా ఉండి, బీట్ పడినప్పుడు నాలుక మాత్రం తీయండి. అంటే వేళ్లు ఎప్పుడూ ఒక స్వరం ముందుంటాయి.

మొదటిరోజు ఇది చాలా తిక్కగా అనిపిస్తుంది. వేళ్లు నాలుకతోపాటే కదలాలని మొరాయిస్తాయి. వేళ్లు ఆలస్యమైతే ఒక స్వరంలోనే రెండు స్వరాలు వినిపిస్తాయి, పాతది మొదలై కొత్తదానిలోకి జారుతుంది. వేగంలో ఆ జారుడే "నాలుక సరిగా లేదు" అన్నట్టు వినబడుతుంది. ఎ నుంచి బికి, అంటే కింది రిజిస్టర్ (స్వర స్థాయి) నుంచి పైదానికి దాటే చోట ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఒకటి రెండు వేళ్లతో పట్టిన స్వరం నుంచి దాదాపు అన్ని వేళ్లూ ఒకేసారి మూసే స్వరానికి పోవాలి. ఆ ఒక్క దాటుడునే విడిగా రోజూ ఇరవైసార్లు చేయండి. 60 మీద సునాయాసమయ్యాక 72, 84, 96 దాకా పెంచి, అక్కడ ఈ వ్యాయామం ఆపేయండి. అంతకుమించి నాలుకతో స్వరాన్ని ఆపడం కుదరదు, ఒక స్వరం ముగింపే తర్వాతిదానికి ఆరంభమవుతుంది.

ఐదో అడుగు: చిన్న చిన్న పరుగులు

రోజూ రెండు అంకెలు చొప్పున మెట్రోనోమ్ పెంచుకుంటూ పోవడం అందరూ చేసేదే. ఒక దశ దాటాక అది పనిచేయదు. నెమ్మదిలో వాడే కదలిక వేరు, వేగంలో వాడేది వేరు. వేగాన్ని కూడా నేరుగా రుచి చూపించాలి, కానీ నాలుక బిగుసుకునేలోపే ఆపేయాలి.

మీరు నాలుగు బార్లు తొణకకుండా వాయించగల అంకె 96 అనుకుందాం. మెట్రోనోమ్‌ని 116 మీద పెట్టండి. తెరిచిన జి మీద మొదటి బీట్‌లో నాలుగు స్వరాలు, రెండో బీట్ మీద ఒక స్వరంతో దిగండి. మూడు, నాలుగు బీట్లు ఖాళీ. మొత్తం ఐదు స్వరాలే. ఖాళీలో నాలుకను, గొంతును వదులు చేయండి. ఎనిమిదిసార్లు ఇలా చేశాక తొమ్మిది స్వరాలు: రెండు బీట్లు పరుగు, మూడో బీట్ మీద దిగడం. అది కుదిరితే పదిహేడు, అంటే బార్ మొత్తం పరుగెత్తి తర్వాతి బార్ మొదటి బీట్ మీద దిగడం. దిగే స్వరం సరిగ్గా బీట్ మీద పడాలి. ముందే పడుతుంటే కంగారు, వెనక పడుతుంటే నాలుక అలసట.

ఈ అంకెలే మీ గురించి చాలా చెబుతాయి. ఐదు స్వరాలు 132 మీద వస్తూ, పదిహేడు మాత్రం 104 మీదే ఆగిపోతే మీ నాలుకకు వేగం ఉంది, ఓపిక లేదు. అలాంటివాళ్లు రోజూ 104కి పది తక్కువలో ఎనిమిదేసి బార్ల సాధన చేయాలి. ఐదు స్వరాలే 104 దాటకపోతే రెండో అడుగుకు వెనక్కి వెళ్లి నాలుక ప్రయాణాన్ని కుదించాలి.

తర్వాత ఇదే పనిని ఒక స్వరం నుంచి స్కేలుకు మార్చండి. ఒక్కో స్వరాన్ని నాలుగుసార్లు, తర్వాత రెండుసార్లు, చివరికి ఒక్కసారి. ఒక్కసారి చొప్పున వాయించేటప్పుడు అంకె కనీసం పది తగ్గుతుంది. అది సహజం. ఎడమచేతి బొటనవేలు, మూడు వేళ్లతో వచ్చే సి మీద ఒకసారి, అదే పట్టుతో రిజిస్టర్ కీ నొక్కితే వచ్చే పై జి మీద ఒకసారి ఐదు స్వరాల పరుగు చేసి చూడండి. పైన ప్రతి స్వరం మొదట్లో కిందిస్వరం గురగుర వినిపిస్తే నాలుక వెనకభాగం కిందికి పడిపోతోంది. 'తీ' నుంచి 'తా'కి జారారన్నమాట.

రీడ్ మీద తోసేయాల్సిన తప్పులు

నాలుకను తిట్టుకునేముందు రీడ్ చూడండి. మూడు అంకె రీడ్ (అంకె పెరిగేకొద్దీ రీడ్ గట్టిది) వాడుతూ కింది స్వరాలు చిన్న శబ్దంతో గాలి బుస లేకుండా మొదలవ్వకపోతే రెండున్నరకు దిగండి. గట్టి రీడ్‌తో పెద్ద నాదం వస్తుందని పంతానికి పోయి టంగింగ్ చెడగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. మౌత్‌పీస్ అంచు, రీడ్ అంచు మధ్య తేడా చూడటం కూడా ముఖ్యం. ఎదురుగా చూస్తే రీడ్ పైన మౌత్‌పీస్ నల్లటి అంచు వెంట్రుక మందాన కనబడాలి. రీడ్ పైకి ఎక్కితే గట్టిపడుతుంది, కిందికి దిగితే స్పందన మెత్తబడి కీచుమంటుంది.

ఏసీ గదిలోనో మండువేసవిలోనో రీడ్ అంచు అలలుగా ముడతపడుతుంది. అప్పుడు మొదటి స్వరం ఆలస్యంగానే వస్తుంది, నాలుక ఏంచేసినా లాభంలేదు. శుభ్రమైన నీళ్లలో ఒక నిమిషం నానబెట్టి, గాజుపలక మీద చదునువైపు పెట్టి అంచును బొటనవేలితో మెల్లగా అదిమి, ముడత పోయాక బిగించండి. ఒక పక్క మందంగా ఉన్న రీడ్‌ని పట్టుకోవాలంటే మౌత్‌పీస్‌ను నోట్లో కాస్త ఎడమకు, కాస్త కుడికి తిప్పి ఊదండి. ఒకవైపు తేలిగ్గా, ఇంకోవైపు మూసుకుపోయినట్టు వస్తే మొరాయించిన వైపు రీడ్ మందం. చాలా నున్నటి గీకుడు కాగితంతో ఆ వైపు నాలుగైదుసార్లు గీకి మళ్లీ చూడండి. ఎక్కువ గీకితే తిరిగి అతికించలేరు.

రీడ్‌కీ మౌత్‌పీస్‌కీ మధ్య ఉమ్మి చేరితే సల్లుసల్లుమని చప్పుడు వస్తుంది. పరుగుకు ముందు ఒకసారి గట్టిగా లోపలికి పీల్చేస్తే పోతుంది.

వేగం చాలకపోతే: రెండు కలిపి, రెండు విడిగా

మీ హద్దు 112, ముందున్నది 126 అయితే సిగ్గుపడాల్సిన పనిలేని దారి ఇది. నాలుగేసి స్వరాల్లో మొదటి రెండూ స్లర్, తర్వాతి రెండూ టంగింగ్. నాలుక బీట్‌కి మూడుసార్లే కదులుతుంది, వినేవాళ్లకు చురుకుదనం తగ్గదు. మొదటి స్వరాల జంటలో రెండోదాన్ని కాస్త పొట్టిగా వాయిస్తే స్లర్ ఉన్నట్టే తెలియదు. వృత్తి వాద్యకారులూ ఇలా చేస్తారు. కాకపోతే మెండెల్సన్ స్కెర్జోలో మాత్రం ఇది చెల్లదు, ఆడిషన్‌లో వెంటనే పట్టేస్తారు.

డబుల్ టంగింగ్

నాలుక కొసతో ఒకసారి, వెనకభాగంతో ఒకసారి వంతులవారీగా స్వరాలు విడదీసే ఈ పద్ధతి ఫ్లూట్, ట్రంపెట్ వాద్యకారులకు రోజువారీ పనిముట్టు. క్లారినెట్ వాళ్లకు మౌత్‌పీస్ నోట్లోనే ఉంటుంది కాబట్టి కష్టం. తికితికి అన్నప్పుడు 'తి' రీడ్‌ను తాకుతుంది. 'కి' రీడ్ దాకా రాదు, అంగిలి దగ్గర గాలిని ఒక క్షణం ఆపుతుంది. తాళవాద్యపు జతులను నోటితో పలికే కొన్నకోల్ వచ్చినవాళ్లకు తకతక అలవాటే కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగిలిన సగం, ఆ 'క'ను నోటి లోపలికి పోనివ్వకుండా ముందుకు తెచ్చి 'కి' చేయడం.

60 మీద, బీట్‌కి ఒకటి చొప్పున, 'కి' ఒక్కదాన్నే పది రోజులు సాధన చేయండి. మొదట్లో స్వరం నీరసంగా, వంగి మొదలవుతుంది. 'తి'కీ 'కి'కీ తేడా రికార్డింగులో తెలుస్తున్నంతవరకూ కలపొద్దు. కలిపాక 'కితి కితి' అని తలకిందులుగా కూడా చేయండి, బలహీనమైన 'కి' బీట్ మీద పడుతుంది కాబట్టి అది బలపడుతుంది. మూడేసి స్వరాలు వచ్చేచోట 'తితికి'.

ఇది కింది రిజిస్టర్‌లో, మధ్య రిజిస్టర్‌లో బాగా కుదురుతుంది. పై సి దాటాక నాలుక వెనకభాగం ప్రతి 'కి'కీ కదలడం వల్ల పై స్వరాలు నిలబడవు. ఇంకో చిక్కు: 120 దగ్గర డబుల్ టంగింగ్ ఎగుడుదిగుడుగా వినిపిస్తుంది, 140 పైన నున్నగా ఉంటుంది. అందుకే సింగిల్ 125 దాకా వచ్చేవరకూ దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. వెళ్లాక కూడా నెలలు పడుతుంది.

కర్ణాటక సంగీతం, బ్యాండు మేళం వాళ్లకు

నాగస్వరంలో నాలుకతో స్వరాలను విడదీసే పనిని తుత్తుకారం అంటారు. క్లారినెట్ మీద కీర్తన వాయించేటప్పుడూ నాలుక అక్కడే, సాహిత్యంలో అక్షరం మొదలయ్యే చోట, పడాలి. గమకం మధ్యలో నాలుక తగిలితే గమకం తెగిపోతుంది. ఈ సంగీతంలో 130 అంకె కోసం గంటలు ధారపోయడం దండగ. మెత్తటి 'దీ' ఆరంభం, చిట్టస్వరాల్లో 100 దాకా స్పష్టత ఉంటే చాలు. మిగతా సమయం వేళ్లతో జారులు, గమకాలకు పెట్టండి.

పెళ్లి ఊరేగింపుల్లో డోళ్ల మధ్య వాయించేవాళ్లకు వేరే ఇబ్బంది. వినబడాలని నాలుకతో గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. అది చప్పుడు పెంచదు, రీడ్ అంచును చీలుస్తుంది. శబ్దం పెరగాలంటే ఊపిరే పెరగాలి. చాలా బ్యాండ్లలో కనిపించే పాత ఆల్బర్ట్ పద్ధతి (మీటల, రంధ్రాల అమరిక) క్లారినెట్‌కైనా, బోమ్ పద్ధతిదానికైనా పైన చెప్పిన నాలుక పని ఒక్కటే. వేళ్ల పట్లు మాత్రం మారతాయి.

రోజుకు ఎంతసేపు

పదిహేను నిమిషాలు మించొద్దు. మూడు నిమిషాలు మొదటి అడుగు, ఐదు నిమిషాలు వేళ్లు ముందుండే స్టకాటో, ఐదు నిమిషాలు చిన్న పరుగులు, చివరి రెండు నిమిషాలు మీరు నేర్చుకుంటున్న రచనలోంచి ఒక భాగం. నాలుక మొదట్లో, గడ్డం కింద నొప్పిగా ఉన్నా, పరుగు హఠాత్తుగా పది అంకెలు పడిపోయినా ఆ రోజుకు ఆపి స్లర్‌లు, నిలకడ స్వరాలు వాయించుకోండి. బిగుసుకున్న నాలుకతో చేసిన సాధన ఆ బిగువునే అలవాటు చేస్తుంది. వారానికి ఒక్కరోజు, అదే రోజు, అదే స్వరం మీద నాలుగు బార్లు వాయించి అంకె రాసిపెట్టుకోండి. పరీక్షకో ఆడిషన్‌కో వెళ్లేటప్పుడు ఇంట్లో వచ్చిన అంకెకు ఎనిమిది తగ్గించుకుని వేగం ఎంచుకోండి. కంగారుకు నోరు ఎండితే నాలుక రీడ్‌కు అతుక్కుంటుంది, లోపలికి వెళ్లేముందు రెండు గుక్కల నీళ్లు తాగి, రీడ్‌ను ఒకసారి తడిపి బిగించుకోండి.